పడిన చోటు వేరు, తప్పిన చోటు వేరు

బల్ల మీద తిరిగే చిన్న రైలు వంపులో పట్టాలు తప్పి పక్కకు ఒరిగితే, దగ్గరున్న వాళ్లెవరైనా ముందు చేసే పని దాన్ని ఎత్తి మళ్లీ పట్టాల మీద పెట్టడం. బండి కదులుతుంది. రెండు చుట్లు బాగానే తిరుగుతుంది. మూడో చుట్టులో అదే వంపులో మళ్లీ పడుతుంది. ఈసారి వేగం తగ్గిస్తారు. తర్వాత ఇంజను మంచిది కాదంటారు, పెట్టె నాసిరకం అంటారు, చివరికి స్విచ్చి తిప్పిన పిల్లవాణ్ని కసురుతారు. ఇంత జరిగినా బండి ఎందుకు పడిందో ఎవరికీ తెలియదు. బొమ్మ రైలు గురించి పత్రికలో ఇంత చర్చ అవసరమా అని పాఠకులకు అనిపించవచ్చు. అవసరమనే నా వాదన. పట్టాలు తప్పిన నమూనా రైలు ముందు కూర్చుని కారణం తేల్చడం మన బడుల్లో ఏ పాఠ్యపుస్తకమూ సరిగా నేర్పని క్రమశిక్షణ. తప్పు ఎవరిదని అడిగే ముందు తప్పు ఎక్కడుందని అడగడమే దాని సారం. రాజపాళయం లాంటి ఊళ్లో ప్రతి ఉన్నత పాఠశాలలోనూ, ప్రతి పాలిటెక్నిక్‌లోనూ ఒక నమూనా రైలుమార్గం ఉండాలి. వార్షికోత్సవం నాడు అతిథులకు చూపించడానికి అది అక్కర్లేదు. పిల్లలు దాని మీద బండి నడపాలి, అది పట్టాలు తప్పాలి, ఎందుకు తప్పిందో వాళ్లే తేల్చాలి.

రాజపాళయం పేరు ఎత్తడానికి కారణాలున్నాయి. పడమటి కనుమల పాదాన, విరుదునగర్ జిల్లాలో తెలుగు రాజులు తరతరాలుగా స్థిరపడిన ఊరు ఇది. మద్రాసు రాష్ట్రానికి 1949 నుంచి 1952 వరకు ముఖ్యమంత్రిగా ఉన్న పి.ఎస్. కుమారస్వామి రాజా ఇక్కడివారే. పి.ఏ.సి. రామసామి రాజా 1936లో ఇక్కడ రాజపాళయం మిల్స్ స్థాపించాక ఊరు నూలు పరిశ్రమకు కేంద్రమైంది. నూలు మిల్లులో పని తెలిసిన కార్మికుడికి కారణం వెతకడం ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒకే కదురు దగ్గర పోగు పదేపదే తెగుతుంటే లోపం ఆ కదురులో ఉంది. ఫ్రేము పొడవునా అన్ని కదుళ్ల దగ్గరా తెగుతుంటే దూదిలోనో, గాలిలోని తేమలోనో వెతకాలి. ఇక రైలు సంగతి. ఈ ఊరి మీదుగా వెళ్లే విరుదునగర్-తెన్‌కాశి మార్గం ఒకప్పుడు మీటరు గేజి, ఇప్పుడు బ్రాడ్ గేజి. సెంగోట్టై దాటాక కనుమల్లోంచి కొల్లం వెళ్లే దారిలో 1904లో మొదలైన మీటరు గేజి బళ్లు 2010లో ఆగాయి, 2018లో అదే కొండల్లో బ్రాడ్ గేజి నడక మొదలైంది. రెండు పట్టాల నడుమ దూరం 1000 మిల్లీమీటర్ల నుంచి 1676కి మారితే వంపులు, వంతెనలు, సొరంగాలు అన్నిటినీ తిరిగి చూసుకోవాలని ఈ ప్రాంతం కళ్లారా చూసింది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సాంకేతిక పుస్తకంలో ఇంగ్లీషు నడుమ పెరిగే ఇక్కడి తెలుగు పిల్లలకు, ఏ భాషలోనైనా ఒకేలా అర్థమయ్యే పాఠం చేతికందే వస్తువులోనే దొరుకుతుంది.

ఆ పాఠం మొదటి మెట్టు కాగితం మీద రెండు గీతల పట్టిక. ఒక వైపు చోట్లు, మరో వైపు పెట్టెలు. బండి పడ్డ ప్రతిసారీ ఏ చోట ఏ పెట్టె పడిందో రాయాలి. పదిసార్లు రాస్తే చిత్రం తేలుతుంది. అన్ని పెట్టెలూ ఒకే చోట పడుతుంటే లోపం పట్టాలది. ఒకే పెట్టె అన్ని చోట్లా పడుతుంటే లోపం పెట్టెది. ఒకే పెట్టె ఒకే చోట పడుతుంటే వ్యవహారం కొంచెం లోతైనది: పెట్టె పూర్తిగా చెడలేదు, పట్టా కూడా పూర్తిగా చెడలేదు, రెండూ హద్దు అంచున ఉన్నాయి, కలిసినప్పుడు హద్దు దాటుతున్నాయి. ఈ మూడో రకంలోనే తగువులు పుడతాయి. పట్టా వేసినవాడు పెట్టెను చూపిస్తాడు, పెట్టె చేసినవాడు పట్టాను చూపిస్తాడు, ఆడలేక మద్దెల ఓడన్నట్టు. ఇద్దరి దగ్గరా కొంత తప్పు ఉందని పట్టిక మాత్రమే చెప్పగలదు. దీనికి తోడు ఇంకో నియమం ఉంది: ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. పట్టా సరిచేసి, చక్రం మార్చి, బరువు పెంచి ఒకేసారి నడిపితే బండి నిలవవచ్చు. మూడింటిలో ఏది నిలబెట్టిందో తెలియదు. తెలియని వైద్యంతో తగ్గిన జబ్బు మళ్లీ వచ్చినప్పుడు మందేమిటో ఎవరూ చెప్పలేరు.

రెండో మెట్టు ఇంకా విలువైనది. పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలని పెద్దలు అంటారు. పట్టాలు తప్పిన బండి విషయంలో ఆ చోటు ఏదన్నదే అసలు ప్రశ్న. బండి ఒరిగి కనిపించిన చోటు అది కాదు. నమూనా మార్గంలో ప్లాస్టిక్ స్లీపర్ల మీద వంగి చూస్తే, పట్టా దిగిన చక్రం ఒక్కో స్లీపరు మీద ఒక్కో చిన్న గాటు పెట్టుకుంటూ వెళ్లడం కనిపిస్తుంది. ఆ గాట్ల వెంట వెనక్కి నడిస్తే మొదటి గాటు దొరుకుతుంది. దానికి కాస్త వెనక, దీపం వాలుగా పట్టి చూస్తే, పట్టా నెత్తి మీద లోపలి అంచు నుంచి బయటి అంచుకు ఏటవాలుగా సాగిన సన్నని గీత ఉంటుంది. చక్రం అంచు పట్టా ఎక్కింది అక్కడ. పెద్ద రైల్వేలోనూ విచారణకు వెళ్లిన ఇంజినీర్లు మొదట వెతికేది ఈ గీతనే. చక్రం పట్టా ఎక్కిన చోటు, దిగిన చోటు వేర్వేరుగా గుర్తించి, ఎక్కిన చోటును సున్నాగా తీసుకుని ఆ ముందూ వెనకా పట్టాల కొలతలు తీసుకుంటారు. ఒరిగిపోయిన పెట్టెల దగ్గర జనం, కెమెరాలు మూగినప్పుడు, అసలు సాక్ష్యం ఎన్నో అడుగుల వెనక నిశ్శబ్దంగా పడి ఉంటుంది. కంటికి ఆనినదాన్ని వదిలి కారణం వైపు వెనక్కి నడవగలిగే ఓపిక పన్నెండేళ్ల వయసులో అలవడితే, అది జీవితమంతా ఉపయోగపడే విద్య.

చోటు దొరికాక చేతులకు పని. చూపుడు వేలి కొనను పట్టా లోపలి అంచు వెంట మెల్లగా జరిపితే కంటికి కనపడని అతుకు మెట్టు వేలికి తగులుతుంది. రెండు పట్టాల నడుమ దూరాన్ని గేజితో చూడాలి. ప్రపంచమంతటా ఎక్కువగా వాడే 1:87 నమూనాలో అది 16.5 మిల్లీమీటర్లు. ఒక చిన్న అద్దం ముక్కను రెండు పట్టాల మీద పరిచి వేలితో మూలలు నొక్కితే, ఒక మూల టకటకలాడిందంటే అక్కడ మార్గం మెలిక పడిందన్నమాట. దారులు చీలే పాయింట్ల దగ్గర, కదిలే టంగ్ రైలు పక్క పట్టాకు పూర్తిగా అంటుకుందా, సన్న కాగితం దూరేంత సందు ఉందా చూడాలి. ఆ సందులోకే చక్రం అంచు దూరుతుంది. తిన్నటి దారి నుంచి వంపులోకి మళ్లే చోట వంపు కొద్దికొద్దిగా మొదలవుతోందా, ఉన్నట్టుండి విరిగినట్టు తిరుగుతోందా గమనించాలి. పెట్టె విషయానికి వస్తే, ఒక ఇరుసు మీద రెండు చక్రాల లోపలి ముఖాల నడుమ దూరం సుమారు 14.4 మిల్లీమీటర్లు ఉండాలి. ఇది తగ్గితే పాయింట్ల దగ్గర, పెరిగితే వంపుల దగ్గర చక్రం తంటా పెడుతుంది. పెట్టె కింద చక్రాలను మోసే రెండు బోగీలనూ మర గట్టిగా బిగిస్తే పెట్టె నాలుగు కాళ్ల బల్లలా అవుతుంది, నేల కాస్త ఎగుడుదిగుడైతే ఒక కాలు గాల్లో లేస్తుంది. ఒక బోగీని పక్కలకు మాత్రమే తిరిగేలా బిగించి, రెండోదాన్ని అటూ ఇటూ ఊగేలా వదిలితే అది ముక్కాలిపీట అవుతుంది. ముక్కాలిపీటను ఎక్కడ పెట్టినా మూడు కాళ్లూ నేల మీదే ఉంటాయి. వంటింట్లో ఏనాటి నుంచో ఉన్న జ్యామితి సూత్రం చక్రాన్ని పట్టా మీద నిలబెడుతుందని అర్థమైనప్పుడు పిల్లల కళ్లలో కనిపించే వెలుగు ఏ మార్కుల పత్రం మీదా కనిపించదు.

ఇక్కడ ఇంజినీర్లు లేవనెత్తే అభ్యంతరం ఒకటి ఉంది: చిన్న రైలు పెద్ద రైలుకు నకలు కాదు, చిన్నదాని పాఠాలు పెద్దదానికి వర్తించవు. ఈ మాటలో నిజముంది, లెక్కలతో చూస్తే ఆ నిజం ఎంతో స్పష్టం. పొడవు 87 వంతులు తగ్గితే బరువు 87ను మూడుసార్లు గుణించినంత, అంటే సుమారు 6.6 లక్షల వంతులు తగ్గుతుంది. సుమారు 40 టన్నుల ఐసీఎఫ్ (ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) పెట్టెకు కచ్చితమైన నమూనా చేస్తే 60 గ్రాములే తూగాలి. అంత తేలిక పెట్టె పట్టా మీద నిలవదు. అందుకే 1935లో ఏర్పడిన అమెరికా నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ ఈ సైజు పెట్టెకు ఒక ఔన్సు, దాని పైన పొడవులో ప్రతి అంగుళానికి అర ఔన్సు బరువు ఉండాలని సిఫారసు చేసింది. ఆ లెక్కన ఐసీఎఫ్ నమూనా సుమారు 165 గ్రాములు ఉండాలి, కచ్చితమైన నకలుకు రెండున్నర రెట్ల పైన. వంపుల సంగతీ అంతే. మన బ్రాడ్ గేజిలో అనుమతించే అతి గట్టి వంపు వ్యాసార్ధం 175 మీటర్లు, దాన్ని 87తో భాగిస్తే రెండు మీటర్లు. ఇళ్లలో బల్ల మీద వేసే వంపులు చాలావరకు 45 సెంటీమీటర్లే. పెద్ద రైలు ఎప్పటికీ వెళ్లలేని వంపులో చిన్న రైలు వెళుతోంది. అలా వెళ్లడానికి దాని చక్రం అంచును కొలతకు మించి లోతుగా చేయాల్సి వచ్చింది. కాబట్టి చిన్న రైలు అంకెలను పెద్ద రైలుకు ఎవరూ అన్వయించకూడదు. అభ్యంతరం అంతవరకు సరైనదే. కానీ ప్రకృతి నియమాలు సైజును బట్టి తమ బలాబలాలు మార్చుకుంటాయని పదో తరగతి విద్యార్థి తన చేత్తో తూచి తెలుసుకోవడం తక్కువ పాఠమా? పక్కకు నెట్టే బలం కిందికి నొక్కే బలాన్ని ఒక నిష్పత్తి దాటి మించితే చక్రం పట్టా ఎక్కుతుందన్న సూత్రం రెండింటికీ ఒకటే. ఫ్రెంచి ఇంజినీరు నాదాల్ పేరుతో రైల్వే ఇంజినీర్లు చదివే సూత్రం అదే. అంకెలు మారతాయి, వెతికే పద్ధతి మారదు.

ఆ పద్ధతి లోపిస్తే ఏమవుతుందో పెద్ద రైల్వేనే చెబుతుంది. 2022 డిసెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ నివేదిక, 2017-18 నుంచి 2020-21 వరకు దేశంలో బళ్లు పట్టాలు తప్పిన ఘటనలపై 1129 విచారణ నివేదికలను పరిశీలించింది. కారణాలను 24 రకాలుగా విడదీసింది. ఇంజినీరింగ్ విభాగానికి సంబంధించినవి 422. వాటిలో పట్టాల నిర్వహణ లోపం 171 చోట్ల, పట్టాల కొలతలు అనుమతించిన హద్దు దాటడం 156 చోట్ల కారణమయ్యాయి. ఆపరేటింగ్ విభాగం కింద 275 లెక్క తేలితే, వాటిలో 84 శాతం పాయింట్లు సరిగా పెట్టకపోవడం, షంటింగ్‌లో చేసిన ఇతర పొరపాట్లు. మెకానికల్ విభాగానికి చెందినవి 182. పట్టాల కొలతలు, పాయింట్లు, చక్రాలు: పాఠశాల బల్ల మీద పిల్లలు పట్టికలో రాసే శీర్షికలు కూడా ఇవే. అదే నివేదిక మరో రెండు సంగతులు చెప్పింది. పట్టాలను కొలిచే ట్రాక్ రికార్డింగ్ కార్లతో జరగాల్సిన తనిఖీల్లో 30 నుంచి 100 శాతం దాకా లోటు ఉంది. 63 శాతం ఘటనల్లో విచారణ నివేదిక గడువులోగా పై అధికారికి అందలేదు. కొలవడం ఆగితే కారణం దాగుతుంది, రాయడం ఆలస్యమైతే పాఠం మరుగున పడుతుంది. నిధుల కొరత, సిబ్బంది కొరత దీని వెనక ఉన్నాయన్నది నిజమే. దానితోపాటు, కొలిచి రాసి తర్వాతే మాట్లాడే అలవాటు సమాజంలో పలచబడటం కూడా ఉంది.

కారణం, కారణం అంటూ పోతే బాధ్యులు తప్పించుకుంటారు కదా అన్నది మరో అభ్యంతరం. ఇది గట్టి ప్రశ్న, ప్రాణాలు పోయిన చోట మరీ గట్టిది. అయినా క్రమం ముఖ్యం. బాధ్యుణ్ని ముందు ఎంచుకుని కారణాన్ని తర్వాత అతనికి తగిలిస్తే, దొరికేవాడు ఎప్పుడూ అందరికంటే కింద ఉన్నవాడే: కీమ్యాన్, పాయింట్స్‌మ్యాన్, లోకో పైలట్. కారణాన్ని ముందు తేల్చితే, తనిఖీ కారును పంపని అధికారి దాకా, నిధులు ఆపిన నిర్ణయం దాకా బాధ్యత పైకి పాకుతుంది. కాగ్ లెక్కలు చూపించింది సరిగ్గా అదే. మన దేశంలో రైల్వే భద్రత కమిషన్‌ను రైల్వే మంత్రిత్వ శాఖ కింద కాకుండా పౌర విమానయాన శాఖ కింద ఉంచడంలోని ఉద్దేశం కూడా ఇదే: బండి నడిపే శాఖ వేరుగా, కారణం తేల్చే చేయి వేరుగా ఉండాలి. తరగతి గదిలో కూడా ఈ నియమం పాటించవచ్చు. పట్టా వేసిన జట్టు బండి పడ్డ కారణాన్ని విచారించకూడదు, వేరే జట్టు విచారించాలి. తను చేసిన పనిలో తప్పు ఇంకొకరు చూపిస్తే అవమానపడకుండా వినడం, ఇంకొకరి పనిలో తప్పు చూపేటప్పుడు ఎగతాళి చేయకుండా కొలతలతో చెప్పడం, రెండూ అక్కడ అలవడతాయి. ఈ రెండూ లేని చదువు ఎంత ఉన్నా ఊరికి ఉపకారం చేయదు.

ఖర్చు మాటేమిటి అనేవారికి జవాబు ఉంది. విదేశీ నమూనా రైళ్ల ధరలు సామాన్యులకు అందవు, నిజమే. కానీ ఈ పాఠానికి కావలసింది కొండలు, స్టేషన్లు, దీపాలతో మెరిసే ప్రదర్శన కాదు. ఒక వలయం, ఒక పాయింటు, ఒక ఇంజను, నాలుగు పెట్టెలు, గేజి, త్రాసు, నోటు పుస్తకం చాలు. 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద ఎంపికైన పాఠశాలకు టింకరింగ్ ల్యాబ్ కోసం 20 లక్షల రూపాయల వరకు గ్రాంటు వస్తుంది. దేశంలో అలాంటి ల్యాబులు పది వేల దాకా ఉన్నాయి, ప్రభుత్వ పాఠశాలల్లో మరో 50 వేలు పెడతామని 2025 బడ్జెట్‌లో ప్రకటించారు. ఆ డబ్బులో చిన్న భాగం ఈ బల్లకు సరిపోతుంది. మిల్లులకు విడిభాగాలు మలిచే చేతులున్న ఊళ్లో బోగీ ఫ్రేములు, గేజిలు తయారుచేయించుకోవడం కష్టం కాదు.

కంప్యూటర్‌లో రైలు నడిపే ప్రోగ్రాములు ఉండగా ఈ బల్ల ఎందుకని అడగవచ్చు. ప్రోగ్రాము రాసినవారు ఊహించిన తప్పులే అందులో జరుగుతాయి. బల్ల మీది మార్గం ఎవరూ ఊహించని తప్పులు చేస్తుంది. ఒక మీటరు నికెల్ సిల్వర్ పట్టా 20 డిగ్రీల వేడి పెరిగితే మిల్లీమీటరులో సుమారు మూడో వంతు సాగుతుంది. అతుకుల్లో సందు వదలకపోతే మే నెల మధ్యాహ్నం అది పక్కకు వంగుతుంది. ఈశాన్య రుతుపవనాల వానల్లో చెక్క తేమ పీల్చి ఉబ్బితే నిన్న సరిగ్గా ఉన్న అతుకు నేడు మెట్టు కడుతుంది. రాజపాళయం ఎండావానలను అమెరికాలో రాసిన ప్రోగ్రాము ఎరగదు. ఆ కంప్యూటర్ల చరిత్రే ఈ బల్ల పక్షాన సాక్ష్యం చెబుతుంది. అమెరికాలో ఎంఐటీ విద్యార్థుల నమూనా రైలు సంఘం 1946లో మొదలైంది. పట్టాల కింద అల్లిన రిలేల వైర్లలో తప్పులు వెతికిన ఆ కుర్రాళ్లే తర్వాత కంప్యూటర్ల దగ్గరికి వెళ్లారు. కంప్యూటర్ ఆటల్లో ఆద్యమైన వాటిలో ఒకటైన స్పేస్‌వార్ 1962లో ఆ బృందం నుంచే వచ్చింది. మన దగ్గరా, 1957 నుంచి సికింద్రాబాద్‌లో సిగ్నల్ ఇంజినీర్లకు శిక్షణ ఇస్తున్న ఇరిసెట్ వంటి రైల్వే శిక్షణ సంస్థలు నమూనాలను బొమ్మలుగా చూడవు. తప్పు చేయడానికి అనుమతి ఉన్న ఏకైక రైలుమార్గంగా చూస్తాయి. నిజమైన మార్గం మీద చేయకూడని తప్పును ముందే ఒకచోట చేసి, చూసి, దిద్దుకునే అవకాశం ఇంజినీరుకు ఎంత అవసరమో విద్యార్థికీ అంతే అవసరం.

అందుకే ఇది అభిరుచి ఉన్న కొద్దిమంది ఇళ్లకు పరిమితం కావలసిన ఆట కాదని గట్టిగా నమ్ముతున్నాను. రాజపాళయంలోని విద్యాసంస్థల నిర్వాహకులకు, తెలుగు రాష్ట్రాల్లోని జిల్లా విద్యాశాఖాధికారులకు, పూర్వ విద్యార్థుల సంఘాలకు ఒక విన్నపం: వచ్చే విద్యాసంవత్సరంలో ఒక్క బడిలో ఒక్క బల్ల వేయండి. దాని పక్కన గోడకు ఒక పట్టిక తగిలించండి. బండి పడినప్పుడు ఎవరు పడేశారని ఎవరూ అడగకూడదని, ఏ పెట్టె, ఏ చోట, ఎన్నోసారి అని మాత్రమే రాయాలని నియమం పెట్టండి. ఆ నియమం ఏడాది పాటు నిలిస్తే, వేలి కొనతో అతుకును తడిమి లోపం చెప్పగల పిల్లలు ఆ ఊరికి దొరుకుతారు. పెద్ద పట్టాల మీద మనందరి ప్రాణాలను మోసే బళ్లకు రేపు కాపలా కాయవలసింది వాళ్లే.